అంకమ్మ అన్నంలో రాళ్ళు

పిరికితనం మీద మా ఆయన చేసినన్ని ప్రసంగాలు నంద్యాల, ఆళ్ళగడ్డల మధ్య ఇంకెవరూ చేసి ఉండరు. ఆయన పేరు ఆనందరావు, పాస్టరు. నేను విజయమ్మను. ప్రసంగం ఆయన పని. చర్చి ఊడవడం, చాపలు పరచడం, వచ్చినవాళ్ళకు మంచినీళ్ళివ్వడం నా పని. తొంభై మూడులోనో నాలుగులోనో మమ్మల్ని ఆళ్ళగడ్డ నుంచి రుద్రవరం పోయే దారిలో ఒక పల్లెకు వేశారు. రెండేళ్ళలో మారుస్తామన్నవాళ్ళు పన్నెండేళ్ళు మమ్మల్ని మర్చిపోయారు. ఆ పన్నెండేళ్ళలో ధైర్యమంటే ఏమిటో చూశాను, కానీ మా ఆయన ప్రసంగాల్లో కాదు. ఈ మాట ఆయనతో అంటే అలిగి ఒక పూట అన్నం మానేశాడు. రెండో పూటకు తిన్నాడు లెండి.

నేను చూసింది అంకమ్మ దగ్గర. నోట్లో నాలుక లేని మనిషి. సన్నగా, కాస్త ముందుకు వంగి నడిచేది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని మాట్లాడేది, ఆ మాట కొంగుకు తప్ప ఎవరికీ వినపడేది కాదు. మొగుడు చాలా ఏళ్ళ కిందటే పోయాడు. బాప్తిస్మం ఇచ్చిన రోజు మా ఆయన "కరుణమ్మ అని పేరు పెడదాం" అన్నాడు. ఆమె తడిబట్టలతో వణుకుతూ, "వద్దులే అయ్యా, ఆ పేరుతో పిలిస్తే పలకాలని నాకు గుర్తుండదు" అంది. అందరూ నవ్వారు. అసలు సంగతి అది కాదు. పేరు మారితే ఊళ్ళో అడుగుతారు, అడిగితే చెప్పాలి. ఆమెను ఊళ్ళో ఎవరూ కొట్టింది లేదు, వెలివేసింది లేదు. కానీ పెద్దిళ్ళ వాకిళ్ళలో చెప్పులు చేత పట్టుకుని నడిచి పెరిగినవాళ్ళకు భయాన్ని కొత్తగా ఎవరూ నేర్పక్కర్లేదు.

ఆ రోజుల్లో ఆ చుట్టుపక్కలంతా సీడు పత్తి. కంపెనీవాళ్ళు విత్తనమిచ్చి, పండిన గింజను మళ్ళీ వాళ్ళే తీసుకునేవారు. మామూలు పత్తిలా విత్తి ఊరుకుంటే కుదరదు. చేలో ఆడ సాళ్ళు వేరు, మగ సాళ్ళు వేరు. రేపు విచ్చుకోబోయే మొగ్గను ఇవాళ సాయంత్రమే పట్టుకుని, గోటితో పొర ఒలిచి, లోపలి పుప్పొడి తీసేసి, గుర్తుకు ఎర్ర కాగితం తొడగాలి. తెల్లారి మగ సాళ్ళ పూలు తెచ్చి, ఒలిచిన ప్రతి మొగ్గకూ పుప్పొడి రాయాలి. రాయకపోతే మొగ్గ రాలిపోతుంది. అసలు ఒలవకుండా వదిలేస్తే తనంతట తానే కాయ కాసి గింజ కల్తీ అవుతుంది. కాబట్టి సాయంత్రం ఒలిచినవాళ్ళు పొద్దున రాక తప్పదు, పొద్దున వచ్చినవాళ్ళు సాయంత్రం ఒలవక తప్పదు. వానలు ముదిరింది మొదలు చలి పడేదాకా ఈ గానుగ ఆగదు. పువ్వుకు ఆదివారం తెలియదు కదా.

ఊళ్ళో పెద్ద రైతు లక్ష్మీనారాయణరెడ్డి చేలో ఆ పనికి ముఠా పెద్ద మా అంకమ్మ. నోరు లేకపోయినా చెయ్యి ఉంది. ఆమె ఒలిస్తే మొగ్గకు గాటు పడేది కాదు. పదిమంది ఆడవాళ్ళు ఆమె వెనక నడిచేవారు. కూలివాళ్ళ తరఫున రెడ్డితో మాట్లాడవలసింది ముఠా పెద్దే. మాట్లాడని మనిషిని ఏరి కోరి పెద్దను చేయడంలో రెడ్డి తెలివి ఏదో ఉందని నా అనుమానం.

మా సంఘంలో ఒక అలవాటు ఉంది. అన్నం వండిన ప్రతిసారీ ఇల్లాలు ఒక పిడికెడు బియ్యం తీసి దేవుని కుండలో వేస్తుంది. వారం చివర ఆ బియ్యం చర్చికి వస్తుంది. పాస్టరు ఇంట్లో ఉడికేది అదే. కాబట్టి ఏ ఇంటి బియ్యం ఎలాంటివో నాకంటే తెలిసినవాళ్ళు ఆ ఊళ్ళో లేరు. ఎవరు నూకలు పంపుతారో, ఎవరు పురుగు పట్టినవి దేవుడికి దాటిస్తారో పేర్లతో సహా చెప్పగలను, చెప్పను. అంకమ్మ ఆదివారం రాలేకపోయినా శనివారం పొద్దు వాలాక ఆమె బియ్యం నా గడపలో ఉండేవి. చాట పట్టే పని లేదు. ఒక్క రాయి తగిలేది కాదు.

అందుకే రెడ్డిగారి భార్య కృష్ణమ్మ ఒకరోజు నన్ను దారిలో ఆపి అన్న మాటకు నాకు మతి పోయింది.

"మీ అంకమ్మకు బియ్యం ఏరుకునే తీరిక గూడా లేదామ్మా? రోజూ చేలో సద్ది విప్పి, తల గిన్నెలోకి వంచి, ఎంతసేపు రాళ్ళేరతాదో! చూస్తాంటే నాకే ముద్ద దిగదు. మొన్న మా ఇంటి బియ్యం ఏరించి ఇచ్చినా. మళ్ళా అట్లే ఏరతాండాది."

నాకు అర్థమైంది. నవ్వు రావలసిన మాటే, రాలేదు. ఆ సాయంత్రం అంకమ్మను నిలదీశాను.

"కండ్లు మూసుకుని ప్రార్థన చేస్తే ఏందీ అని అడుగుతారు కదమ్మా. రాళ్ళేరతాండా అంటే ఎవురూ అడగరు" అంది కొంగులోంచి.

"ఎప్పటి నుంచి?"

"బాప్తిస్మం అయినకాడి నుంచి."

"మరి కృష్ణమ్మగారు ఇచ్చిన బియ్యం ఏం చేశావు?"

"దేవుని కుండలో ఏసినా. మీరే తింటిరి."

ఇంత పిరికిదానికి ఒకే ఒక్క కోరిక ఉండేది, ఆదివారం. వారంలో ఆ ఒక్క పూట వచ్చి చాప మీద కూర్చోవాలని. అంతకు మించి ఏమీ అడగలేదు, దేవుడినైనా సరే. మా మైకు చేను దాకా వినపడేది. "నా ప్రసంగం వినపడుతుందా అంకమ్మా?" అని మా ఆయన ఆశగా అడిగేవాడు. "పాట వినపడతాదయ్యా. మీ మాట గాలివాటాన్ని బట్టి" అనేది. రెండో నెల వచ్చేసరికి ఆ ఆడవాళ్ళ గోళ్ళ అంచులు నల్లబడి పగిలేవి, మెడలు తిరిగేవి కావు. కంచంలో చెయ్యి పెట్టి కునికిపాట్లు పడేవారు. అడగందే అమ్మయినా పెట్టదంటారు. అంకమ్మ అడగలేదు, రెడ్డి పెట్టలేదు. అలా ఏళ్ళు గడిచాయి.

తొంభై ఎనిమిది వానాకాలంలో నరసింహమ్మ పడిపోయింది. నల్లమల అంచు గూడెం నుంచి వచ్చి మా ఊళ్ళో కాపురమున్న చెంచు మనిషి, అంకమ్మ ముఠాలోనే పని. చర్చి మనిషి కాదు, ఆమె దేవుడు అహోబిలంలో ఉన్నాడు. చంటిబిడ్డను గట్టు మీద పడుకోబెట్టి పని చేసేది. ఒక ఆదివారం పొద్దున, చేతిలో మగ పువ్వు పట్టుకుని ఉన్నదున్నట్టే సాళ్ళ మధ్య కూలిపోయింది. రెడ్డి ట్రాక్టరు ఆళ్ళగడ్డ దాకా, అక్కడి నుంచి బస్సులో నంద్యాల. నేను, అంకమ్మ చెరో భుజం పట్టుకున్నాం. ఆ వారం చర్చిలో చాపలు మా ఆయనే పరుచుకున్నాడు.

డాక్టరమ్మ చూసి, "పెద్ద జబ్బేమీ లేదు. రక్తం లేదు, నిద్ర లేదు. వారానికి ఒక్క రోజైనా మంచం దిగనివ్వకండి" అని చీటీ రాసి ఇంకొకరిని పిలిచింది. ఆమె ముఖమూ పీక్కుపోయి ఉంది, ఆమెకు ఆ మాట ఎవరు చెప్పాలో.

సెలైను ఎక్కుతుంటే మేమిద్దరం వరండాలో నేల మీద కూర్చున్నాం. బిడ్డ నా ఒళ్ళో ఉంది. అంకమ్మ కొంగు నోటి మీద నుంచి తీసి, అలవాటు లేని మనిషిలా మాట్లాడింది.

"ఆదివారం గుడికి రాకుంటే అది నా ఒక్కదాని పాపమనుకుంటినమ్మా. నోరు తెరవకుంటే పోయేది నాది ఒక్కదానిదే కదా అనుకుంటి. ఇంతమంది నా ఎనక వస్తాండారు. నేను అడగల్యా, ఈమెకూ ఆదివారం లేకపాయ. నా భయానికి ఈమె పడిపాయ."

నేను ఓదార్చలేదు. ఒళ్ళు పులిసిపోయి ఉన్నాను, పైగా ఆమె అన్నది నిజం.

ఆ శనివారం మొగ్గ ఒలవవద్దని ముఠాకు చెప్పింది. రెడ్డికి తానే చెబుతానంది. సాయంత్రం చేలో అందరూ చేతులు కట్టుకుని నిలబడ్డారు. రెడ్డి గట్టు మీదికి వచ్చి, "ఏం మే అంకమ్మా, పొద్దు పోతాంది, బేగా కానీండి" అన్నాడు. అంతే. అంకమ్మ వంగి మొదటి మొగ్గ ఒలిచింది. రెండోదీ ఒలిచింది. వెనక ఉన్నవాళ్ళు ఒకరి ముఖాలొకరు చూసుకుని వాళ్ళూ వంగారు. ఒలిచాక ఇంకేముంది, ఆదివారం పొద్దున పోవలసిందే. ఆ రోజు కూడా చర్చిలో ముసలివాళ్ళు, పిల్లలు, నేను. మా ఆయన ధైర్యం మీద గంటసేపు మాట్లాడాడు.

"చెయ్యి నా మాట వినల్యా అమ్మా" అంది అంకమ్మ సోమవారం. ఏడవలేదు. ఏడవడానికి కూడా ఓపిక కావాలి.

తర్వాత ఆమె మా ఆయన దగ్గరికి వచ్చింది. "అయ్యా, మీరొచ్చి రెడ్డితో ఒక మాట చెప్తారా?" అని అడిగింది. మా ఆయన గొంతు సవరించుకున్నాడు. చర్చి ఉన్న స్థలం రెడ్డి తండ్రి ఇచ్చింది. ప్రహరీ గోడ సగంలో ఆగి ఉంది, మిగతా సగానికి రాళ్ళు రెడ్డి క్వారీ నుంచే రావాలి. "ముందు ప్రార్థన చేద్దాం అంకమ్మా" అన్నాడు. మా ఆయన ప్రార్థన చేద్దామన్నాడంటే కాలు కదలదని అర్థం. నాకు ఒళ్ళు మండింది. అంకమ్మ మాత్రం మోకరించి, ప్రార్థన అయ్యేదాకా ఉండి, ఆమేన్ చెప్పి లేచింది. లేచి నేరుగా రెడ్డి ఇంటి దారి పట్టింది. నేను చీర సర్దుకుంటూ వెంట పడ్డాను.

రెడ్డి అరుగు మీద కూర్చుని చుట్ట కాలుస్తున్నాడు. ఆయన కూడా తెల్లారకముందు లేచిన మనిషే, కళ్ళు ఎర్రగా ఉన్నాయి. కృష్ణమ్మ గడప మీద కూర్చుని చిక్కుడుకాయలు వలుస్తోంది. అంకమ్మ వాకిట్లో నిలబడింది.

"నాయనా, శనివారం సాయంత్రం మేము మొగ్గ ఒలవం. ఆదివారం పనికి రాము" అంది.

రెడ్డి చుట్ట తీశాడు. "పువ్వు ఆగుతాదా మే, ఆదివారమని?"

"ఆగదు. శనివారం సాయంత్రం మొగ్గలన్నీ గిల్లిపారేసి పోతాం. ఆదివారం ఒక్క పువ్వు గూడా పూయదు. సోమవారం మొగ్గలను తెల్లారకముందే వచ్చి ఒలుస్తాం. కల్తీ కాదు."

"గిల్లేస్తే నా కాయ పోదా?"

"పోతాది నాయనా. ఒక దినం కాయ పోతాది. పోదని నేను చెప్పను."

"ఇన్నేండ్లు లేని ఆదివారం ఇప్పుడేటికి వచ్చె?"

"ఇన్నేండ్లూ ఉండాది. నేను చెప్పల్యా."

"ఆనందరావు నేర్పి పంపినాడా?"

"అయ్యగారు ప్రార్థన చేస్తాండారు. నేను అడగనీకి వచ్చినా."

నాకు నేల చీలితే బాగుండుననిపించింది, నవ్వాపుకోలేక. కానీ అంకమ్మ ఆగలేదు. ఇన్నేళ్ళ మాటలు ఒక్కసారి తోసుకొచ్చినట్టున్నాయి. కొంగు భుజం మీదే ఉంది.

"నేను యేసయ్య మనిషిని నాయనా. చేలో సద్ది ముందర రాళ్ళేరతాండా అని చెప్తాంటి. అది అబద్ధం. మా బియ్యంలో రాళ్ళు లేవు. ప్రార్థన చేసుకుంటాంటి. మీకు భయపడి రాళ్ళంటి. నరసింహమ్మ నా మాదిరి కాదు, ఆమె దేవుడు వేరే. ఆమెకూ ఆదివారం కావల్ల. గుడికొచ్చేటోళ్ళు వస్తారు, పడుకునేటోళ్ళు పడుకుంటారు. మా దేవుడు పనికి ఆరు దినాలే చెప్పినాడు. మీకు ఇష్టం లేకుంటే అవుకు నుంచి ముఠాను పిలిపించుకోండి. నేను మాత్రం ఒలవను."

రెడ్డి తువ్వాలు దులుపుకుని లోపలికి పోయాడు. పెద్దవాళ్ళు కాదనడానికి అదొక పద్ధతి. అంకమ్మ కదలకుండా నిలబడింది. కృష్ణమ్మ చిక్కుడుకాయ చేతిలో పట్టుకుని నోరు తెరుచుకుని చూస్తోంది.

"రాళ్ళు లేవా! మరి నేను నీకు ఏరించి ఇచ్చిన బియ్యం?"

అంకమ్మ నా వైపు చూసింది. నేను ఆకాశం వైపు చూశాను.

కృష్ణమ్మ ఉన్నట్టుండి నవ్వింది. నవ్వుతూనే మెడ వెనక చెయ్యి పెట్టి నొక్కుకుంది. పొద్దున లేచింది మొదలు ఇంట్లోవాళ్ళకూ వచ్చేపోయేవాళ్ళకూ వండి వార్చే మనిషి. "మే, ఆ నోటితోనే నాకూ ఒక ఆదివారం అడుగు. నలభై ఏండ్లయితాంది నేను ఈ ఇంట్లోకి వచ్చి" అంది. ఆ మాట లోపలికి వినపడేంత గట్టిగానే అంది.

లోపలి నుంచి రెడ్డి గొంతు వచ్చింది. "ఒక్క వారం చూస్తా. ఒక్క పువ్వు కనపడినా మళ్ళా నా చేలోకి రావద్దు."

దారి మలుపు తిరిగాక అంకమ్మ గోడ పట్టుకుని కూర్చుండిపోయి, పొద్దున తిన్నదంతా కక్కేసింది. ధైర్యం అంటే అలా ఉంటుందని మా ఆయన ఏ ప్రసంగంలోనూ చెప్పలేదు.

శనివారం సాయంత్రం పదిమందీ ఆడ సాళ్ళలో దిగి మొగ్గలు గిల్లిపారేశారు. ఒలవడం కంటే గిల్లడం సులువు కదా అంటారు, వాళ్ళకు కాలేదు. ఒక్కొక్క మొగ్గనూ కాయ చేయడానికి అలవాటు పడిన వేళ్ళు అవి. రెడ్డి గట్టు మీద నిలబడి కాసేపు చూసి, ముఖం తిప్పుకుని, చివరికి వెళ్ళిపోయాడు. అంకమ్మ ప్రతి సాలూ మళ్ళీ ఒకసారి తిరిగి చూసుకుని, చీకటి పడుతుండగా బియ్యం తెచ్చి నా గడపలో పెట్టి పోయింది.

ఆదివారం నరసింహమ్మ పొద్దెక్కేదాకా పడుకుందట. ఆమె మొగుడు కంగారుపడి రెండుసార్లు ముక్కు దగ్గర వేలు పెట్టి చూశాడట. చర్చికి ఆరుగురు వచ్చారు. తలకు నూనె రాసుకుని, ఉతికిన చీరలు కట్టుకుని వచ్చారు. అంకమ్మ ముందు వరసలో గోడ పక్కన కూర్చుంది. మా ఆయన ముఖం వెలిగిపోయింది. వారమంతా తయారుచేసుకున్న ప్రసంగం తీశాడు. మొదటి పాట అయ్యేసరికే అంకమ్మ తల గోడకు ఆనింది. ప్రసంగం మొదలయ్యేసరికి నోరు తెరుచుకుని నిద్రపోతోంది. మిగతా ఐదుగురూ ఒకరి మీద ఒకరు వాలిపోయారు. పక్కనున్న ముసలామె మోచేత్తో పొడవబోతే చెయ్యి పట్టుకుని ఆపాను. మా ఆయన నా వైపు చూశాడు. గొంతు తగ్గించమని సైగ చేశాను. జీవితంలో మొదటిసారి నా మాట విని, గొంతు తగ్గించి, ప్రసంగాన్ని సగంలో ముగించాడు. అంకమ్మ ఒళ్ళో ఉన్న బొటనవేలు, చూపుడువేలు మాత్రం నిద్రలోనే మొగ్గ ఒలుస్తున్నాయి. నాకు ఏడుపొచ్చింది.

దీనితో ఊరు మారిపోయిందని చెప్పను. మరుసటి ఏడు రెడ్డి ముఠా పెద్దరికం వేరేవాళ్ళకిచ్చాడు. అంకమ్మ వెనక వరసలో మామూలు కూలిగా నడిచింది. ప్రహరీ గోడ మేము ఉన్నంతకాలం సగంలోనే ఉంది. కానీ ఆదివారం మాత్రం పోలేదు. ఆ చేలో ఆదివారం లేదంటే ముఠాలోకి ఎవరమూ రామన్నారు. మధ్యాహ్నం సద్ది విప్పాక అంకమ్మ కళ్ళు మూసుకుని, అందరికీ వినపడేలా ప్రార్థన చేసేది. పదిమందీ ముద్ద పట్టుకుని ఆగేవారు. "బేగా ముగించక్కా, ఆకలైతాంది" అని నరసింహమ్మ విసుక్కునేది, విసుక్కుంటూనే ఆగేది. ఆ ప్రార్థనలో పెద్ద మాటలేమీ ఉండేవి కావు. ఈమె మోకాలు, ఆమె బిడ్డ జ్వరం, రెడ్డి పురుగు మందు గాలికి మా కళ్ళు మండుతున్నాయి ప్రభువా, ఇలాంటివే.

రెండు వేల నాలుగులో, మళ్ళీ మొగ్గలు ఒలిచే రోజుల్లోనే, అంకమ్మకు విడవని జ్వరం తగిలింది. నంద్యాలలో కొన్నాళ్ళు పడుకోబెట్టారు. ఇంటికి తీసుకుపొమ్మన్నారు. "ఇన్ని దినాలు పడుకునిందే లేదమ్మా, అలవాటు లేక నడుము నొస్తాంది" అంది నాతో. గురువారం మధ్యాహ్నం పోయింది. మర్నాడు సమాధి అనుకున్నాం. ముఠా ఆడవాళ్ళు వచ్చి చూసి, కళ్ళు తుడుచుకుని, సాయంత్రం పనికి చేలోకి పోయారు. ఏం చేస్తారు, పువ్వు ఆగదు కదా. రేపు పొద్దున సమాధికి వీళ్ళెవరూ రాలేరనుకుని నేను ఒక్కదాన్నే శవం పక్కన కూర్చున్నాను.

శుక్రవారం పొద్దున అందరూ వచ్చారు. నరసింహమ్మ అందరికంటే ముందు వచ్చి పాడె కొమ్ము పట్టుకుంది. ఆడవాళ్ళు పట్టకూడదని ఎవరో అంటే వినలేదు. కృష్ణమ్మ పిడికిలి మూసుకుని వచ్చి, అంకమ్మ తల దగ్గర ఇంత బియ్యం పోసింది, అది ఏ ఆచారమో నాకు తెలియదు. రెడ్డి సమాధుల దొడ్డి బయట తలమీది తువ్వాలు తీసి నిలబడ్డాడు. మా ఆయన ఈసారి ధైర్యం గురించి ఏమీ మాట్లాడలేదు. అంకమ్మ చేసినట్టే చిన్న ప్రార్థన చేసి, ఆపి, రెడ్డి దగ్గరికి తానే నడిచి వెళ్ళి చెయ్యి పట్టుకున్నాడు.

"పోతా పోతా గూడా ఒక దినం కాయ పోగొట్టిపాయ మీ అంకమ్మ" అన్నాడు రెడ్డి, తిట్టినట్టే.

అప్పుడు నాకు ఆ మాట అర్థం కాలేదు. మట్టి వేసి తిరిగి వస్తుంటే దారి పక్కనే ఆయన చేను. ఎండ బాగా ఎక్కింది. పత్తి చేను ఆ వేళకు పూలతో కళకళలాడాలి. ఆడ సాళ్ళలో ఈ చివర నుంచి ఆ చివర దాకా ఒక్క పువ్వు లేదు. గిల్లిన మొగ్గలు సాళ్ళ పొడుగునా నేల మీద వాడి పడి ఉన్నాయి. ఆ చేను అలా ఉండడం ఆదివారాల్లో తప్ప నేనెప్పుడూ చూడలేదు. ఆ రోజు శుక్రవారం.